పాత గాయం ముందు కాలిది, నొప్పి నడుముది

మా గుర్రం చుక్క నా దగ్గరికి వచ్చేసరికే దాని ఎడమ ముందు కాలికి పెద్ద గాయం అయి, మాని ఉంది. మోకాలి కింద వెనకవైపు, చర్మానికి దగ్గరగా దిగే పొడవాటి టెండన్, అంటే కండరాన్ని ఎముకకి కలిపే తాడులాంటిది, ఒకటి ఉంటుంది. డాక్టర్లు సూపర్‌ఫిషియల్ డిజిటల్ ఫ్లెక్సర్ అంటారు. పరుగుపెట్టే గుర్రాల్లో ఎక్కువగా చిరిగేది అదే. చుక్కకీ అదే చిరిగింది. పాత యజమాని చాలా శ్రద్ధగా చూసుకున్నారు. నెలల తరబడి విశ్రాంతి ఇచ్చి, కొంచెం కొంచెంగా నడక పెంచుతూ, మధ్యమధ్యలో అల్ట్రాసౌండ్ తీయించారు. ఆ రిపోర్టులన్నీ నా చేతికి ఇచ్చారు. టెండన్ బాగా అతుక్కుందని, తేలికపాటి స్వారీకి ఇబ్బంది లేదని చివరి రిపోర్టులో ఉంది.

ఆ రిపోర్టు నిజమే. కాలు తడిమితే వేడి లేదు, వాపు లేదు, కుంటు లేదు. అయినా గుర్రం సుఖంగా లేదని చూసేవాళ్ళకి తెలిసిపోయేది. కుడివైపు గుండ్రంగా తిప్పితే ఒళ్ళు వంచకుండా కర్రలా తిరిగేది. జీను పట్టీ బిగిస్తుంటే చెవులు వెనక్కి వాల్చేది. జీను వెనకభాగం ఆనే చోట బ్రష్ తగిలితే వీపు కిందికి జార్చేసేది. క్యాంటర్‌లో, అంటే మధ్యస్థ వేగపు పరుగులో, వెనక కాళ్ళు రెండూ విడివిడిగా వేయకుండా జంటగా గెంతేది. లాడం కొట్టే ఆయన వెనక కాలు ఎత్తి పట్టుకుంటే కాసేపటికే లాగేసుకునేది. “మొండి గుర్రం అండి” అన్నవాళ్ళు ఉన్నారు. నేనైతే ఆ మాట ఒప్పుకోలేదు. ఒళ్ళు నొప్పిగా ఉన్న జంతువు తన నొప్పిని చెప్పుకునే పద్ధతులు ఇవే.

గాయం ఉన్న చోట నొప్పి లేదు, నొప్పి ఉన్న చోట ఎప్పుడూ గాయం కాలేదు. పాత గాయాల గుర్రాల విషయంలో నేను చెప్పదలుచుకున్నది ఇదే. మాకు కైరోప్రాక్టిక్, అంటే బిగుసుకున్న వెన్ను కీళ్ళని చేతులతో కదిపే వైద్యం, పనికొచ్చింది కాలికి కాదు, ఆ కాలిని కాపాడుకోవడానికి మిగతా ఒళ్ళంతా నెలల తరబడి చేసిన అదనపు పనికి.

కొంచెం వివరంగా చెబుతాను. గుర్రం నిలబడి ఉన్నప్పుడు దాని బరువులో దాదాపు అరవై శాతం ముందు కాళ్ళ మీదే ఉంటుంది. ముందు కాలు ఒకటి నొప్పి పెడితే, ఆ కాలు నేలకి ఆనే క్షణంలో తల పైకి ఎత్తి, బరువు దాని మీద పడకుండా తప్పించుకుంటుంది. మంచి కాలు ఆనినప్పుడు తల కిందికి దిగుతుంది. కుంటుతున్న గుర్రం తల ఊపడం అంటే ఇదే. ఇలా రోజుకి కొన్ని వేల అడుగులు, అదీ నెలలపాటు నడిచిందనుకోండి. మెడ అడుగుభాగంలో ఉన్న కండరాలు, రెండో ముందు కాలు, నడుము, అన్నీ తమది కాని పని చేస్తాయి. పైగా గుర్రానికి మనలా కాలర్‌బోన్, అంటే భుజాన్ని ఛాతీకి కలిపే ఎముక, లేదు. ముందు కాళ్ళకీ ఛాతీకీ మధ్య ఎముకల కీలు లేదు. రెండు కాళ్ళ మధ్య కండరాల ఉయ్యాలలో ఛాతీ వేలాడుతూ ఉంటుంది. ఆ ఉయ్యాలకి ఒక పక్క తాడు బిగుసుకుంటే ఛాతీ అంతా అటు ఒరుగుతుంది, దాని వెనకాలే వెన్నెముక కూడా.

చుక్క డెక్కలు చూస్తే ఇదంతా కంటికి కనిపిస్తుంది. ఎడమ ముందు డెక్క సన్నగా, నిటారుగా ఉంటుంది. కుడిది వెడల్పుగా, కాస్త చదునుగా పరుచుకుని ఉంటుంది. తక్కువ బరువు మోసిన డెక్క ముడుచుకుంది, ఎక్కువ మోసింది పరుచుకుంది. టెండన్ మానాక కూడా ఆ తేడా పోలేదు. పాత గాయం ఉన్న గుర్రాన్ని కొనేవాళ్ళు రిపోర్టులతోపాటు నాలుగు డెక్కలనీ పక్కపక్కన పెట్టి చూసుకోవాలని నా గట్టి నమ్మకం.

కైరోప్రాక్టిక్ మాట మొదట ఎత్తింది మా వెటర్నరీ డాక్టర్ గారే. అయితే ఆయన వెంటనే ఎవరి దగ్గరికీ పంపలేదు. ముందు పూర్తిగా పరీక్ష చేశారు. గట్టి నేల మీద తిన్నగా ట్రాట్ (చిన్న పరుగు) చేయించారు, తర్వాత రెండు వైపులా గుండ్రంగా. ఒక్కో కాలి కీలు కాసేపు మడిచి పట్టుకుని, వదిలిన వెంటనే ట్రాట్ చేయించి చూశారు. తర్వాత చేసిన పరీక్షలు నాకు కొత్త. నడుస్తున్న గుర్రం తోక పట్టుకుని పక్కకి లాగారు. చాలా చిన్న చుట్టులో తిప్పారు. తల పైకెత్తి వెనక్కి నడిపించారు. ఎందుకని అడిగితే, “దీని కాళ్ళు ఎక్కడ పడుతున్నాయో దీనికి తెలుస్తోందా లేదా చూస్తున్నానండి” అన్నారు. మెడలో వెన్నుపాము నొక్కుకుపోయిన గుర్రాలు తూలుతూ నడుస్తాయి. అలాంటి గుర్రం మెడ మీద ఎవరైనా చేతులతో ఒత్తిడి పెడితే ప్రమాదం. అందుకని ఆ అనుమానం తీరేదాకా మెడ ముట్టుకోనివ్వనన్నారు.

వీపుకి ఎక్స్‌రే కూడా తీశారు. గుర్రం వెన్నుపూసల నుంచి పైకి లేచే ఎముక ముళ్ళు కొన్ని గుర్రాల్లో ఒకదానికొకటి మరీ దగ్గరై రాసుకుంటాయి. కిస్సింగ్ స్పైన్స్ అంటారు. ఎక్కువగా జీను కూర్చునే చోటే వస్తుంది. చుక్కకి అది లేదు. ఉండి ఉంటే దారి వేరేగా ఉండేది.

ఈ పరీక్షలు చేయించకుండా నేరుగా ఎవరినో పిలిపించి గుర్రం వీపు మీద చేతులు వేయించడం నాకు బొత్తిగా నచ్చదు. చాలామంది చేస్తారు. గుర్రం ఒకటి రెండు రోజులు తేలికగా కదిలితే చాలనుకుంటారు. ఈలోగా ఎముకలో సన్నటి పగులో, ఇన్ఫెక్షనో ఉంటే అది ముదిరిపోతుంది. పగులు, ఇన్ఫెక్షన్, కొత్తగా వచ్చిన వాపు, నరాల సమస్య, వీటిలో ఏదున్నా కైరోప్రాక్టిక్ చేయకూడదు. శిక్షణ ఉన్నవాళ్ళయితే ఈ మాట వాళ్ళే ముందు చెబుతారు.

మాకు దొరికిన ఆవిడ వెటర్నరీ డాక్టరే, ఆ తర్వాత జంతువుల కైరోప్రాక్టిక్‌లో విడిగా శిక్షణ తీసుకున్నారు. మనుషుల కైరోప్రాక్టిక్ 1895లో అమెరికాలోని డావెన్‌పోర్ట్‌లో డానియెల్ డేవిడ్ పామర్‌తో మొదలైంది. జంతువుల కోసం పద్ధతిగా శిక్షణ, సర్టిఫికెట్లు వచ్చింది మాత్రం చాలా ఆలస్యంగా. అమెరికన్ వెటర్నరీ కైరోప్రాక్టిక్ అసోసియేషన్ ఏర్పడింది 1989లో. వెటర్నరీ డాక్టర్లు, మనుషుల కైరోప్రాక్టర్లు, ఇద్దరూ ఆ శిక్షణ తీసుకోవచ్చు. రెండోవాళ్ళయితే వెటర్నరీ డాక్టర్‌తో కలిసి పని చేయాలి.

ఆవిడ వచ్చిన రోజు చాలాసేపు చుక్క మీద చేయి వేయలేదు. పాత రిపోర్టులు చదివారు. నడిపించి చూశారు. జీను తెప్పించి, తిరగేసి, లోపలి దిండ్లు రెండు పక్కలా సమానంగా ఉన్నాయా అని తడిమారు. తర్వాత తల దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్క కీలునీ వేళ్ళతో కదుపుతూ వెనక్కి వచ్చారు. గుర్రానికి మెడలో ఏడు పూసలు, వీపులో పద్దెనిమిది, నడుములో మామూలుగా ఆరు. వాటి వెనక త్రికంలో, అంటే తుంటి ఎముకల మధ్య భాగంలో, అయిదు పూసలు ఒకటిగా అతుక్కుని ఉంటాయి. వీపు పూసల మధ్య కదలిక ఒక్కో చోట కొద్ది డిగ్రీలే. నడుము, త్రికం కలిసే చోట మాత్రం పైకీ కిందికీ బాగా వంగుతుంది. గుర్రం వెనక కాళ్ళని పొట్ట కిందికి తెచ్చుకుని తోసేది అక్కడి నుంచే. సరిగ్గా అక్కడే చుక్క బిగుసుకుపోయి ఉంది. రెండోది మెడ మొదలు, కుడివైపు.

సరిచేసేటప్పుడు ఎత్తుగా ఉన్న గట్టి పెట్టె మీద నిలబడ్డారు. చేతి మడమ ఒకచోట ఆనించి, గుర్రం ఊపిరి వదిలి కండరం వదులయ్యేదాకా ఆగి, చటుక్కున ఒక్క తోపు. ఎక్కువ దూరం కాదు, ఎక్కువ బలమూ కాదు, వేగం మాత్రమే. నాలుగైదు వందల కిలోల గుర్రాన్ని మనిషి చేతులతో ఏం చేయగలరు అని అడుగుతుంటారు. గుర్రం మొత్తాన్ని కదపడం లేదు కదా. ఒక్క కీలుని, అది కదలగలిగే దిక్కులో, కొంచెం కదుపుతున్నారు. కండరం బిగించి ఉంటే ఎంత బలవంతుడి చేతికైనా ఆ కీలు లొంగదు. అందుకే సుత్తులు, తాళ్ళు పట్టుకొచ్చేవాళ్ళని లాయంలోకి రానివ్వకండి. గుర్రం కాలిని మీటలా వాడి గట్టిగా గుంజేవాళ్ళని కూడా.

సెషన్ మధ్యలో చుక్క ఆవలించింది, నోరు నమిలింది. పక్కనున్నవాళ్ళు అబ్బా హాయిగా ఉంది దానికి అన్నారు. ఉండొచ్చు. కానీ టెన్షన్ పడిన గుర్రం, ఆ టెన్షన్ దిగాక కూడా అలాగే నములుతుంది. దాన్ని చూసి వైద్యం పనిచేసిందని నిర్ధారణకి రాకూడదు. ఆ మాట నాతో అన్నది ఆవిడే. అప్పుడే నాకు ఆవిడ మీద నమ్మకం కుదిరింది.

ఇంకో మాట కూడా అన్నారు. “ఎముక పక్కకి జరిగింది, నేను మళ్ళీ పెట్టాను అని ఎవరైనా అంటే నమ్మకండి.” గుర్రం వెన్నుపూసలు గట్టి లిగమెంట్లతో, చేయి మందాన కండరాలతో బిగించి ఉంటాయి. పూస నిజంగా స్థానం తప్పితే ఆ గుర్రం మన ముందు నిలబడి ఉండదు. జరిగేదేమిటంటే, నొప్పి వల్ల చుట్టూ కండరాలు బిగిసి కీలు కదలిక తగ్గుతుంది. కదలిక తగ్గిన కీలు పక్కన ఉన్న కీళ్ళు ఎక్కువ కదలాల్సి వస్తుంది, వాటికీ నొప్పి మొదలవుతుంది. చటుక్కున ఇచ్చే ఆ తోపు కీలు చుట్టూ ఉన్న నరాల చివరలని తాకి, ఆ బిగుతునీ నొప్పినీ కొంతకాలం తగ్గిస్తుంది. కొంతకాలం అనే మాట ముఖ్యం.

ఈ విషయంలో పరిశోధనలు తక్కువే, ఉన్నవీ చాలావరకు చిన్నవి. 2008లో వచ్చిన ఒక అధ్యయనంలో వెన్ను మీద ఎంత ఒత్తిడి పెడితే గుర్రానికి నొప్పి తెలుస్తుందో కొలిచారు. వారం తర్వాత ఆ ఒత్తిడి హద్దు కైరోప్రాక్టిక్ చేసిన గుర్రాల్లో 27 శాతం పెరిగింది, మసాజ్ చేసినవాటిలో 12, బ్యూట్ అని పిలిచే ఫినైల్‌బ్యూటజోన్ మందు ఇచ్చినవాటిలో 8. వినడానికి బాగుంది. అయితే అవి ఏ ఇబ్బందీ లేని గుర్రాలు. అదే సంవత్సరం నిజంగా నడుము సమస్య ఉన్న పది గుర్రాల మీద ఇంకో అధ్యయనం వచ్చింది. వాటి వెన్ను, తుంటి కదలికల్లో మార్పులు వచ్చాయి, తుంటి కదలిక రెండు పక్కలా కొంచెం సమానమైంది. కానీ ఆ మార్పులు చిన్నవే. వీటిని చదివాక నాకు అనిపించిందేమిటంటే, కైరోప్రాక్టిక్ పాత గాయాన్ని నయం చేయదు. నొప్పి తక్కువగా ఉండే ఒక వ్యవధిని ఇస్తుంది. ఆ వ్యవధిలో మనం ఏం చేస్తామన్నదే అసలు పని.

ఆ పని చాలావరకు కండరాలదే. వెన్నెముకకి ఆనుకుని, ఒక పూస నుంచి ఇంకో పూసకి చిన్న చిన్న కండరాలు ఉంటాయి. మల్టిఫిడస్ అంటారు. పూసలని అటూ ఇటూ ఊగకుండా పట్టి ఉంచేవి ఇవే. వెన్ను నొప్పి వస్తే ఇవి సన్నబడతాయి. నొప్పి తగ్గినంత మాత్రాన వాటంతట అవి తిరిగి రావని మనుషుల్లో 1990లలోనే తేలింది. గుర్రాల్లో దీనికి మందు వ్యాయామమే. 2011లో హిలరీ క్లేటన్, నరెల్ స్టబ్స్ బృందం చూపించింది చాలా సులువైన సంగతి. గుర్రాన్ని నిలబెట్టి, క్యారెట్ ముక్క చూపిస్తూ గడ్డం ఛాతీకి, ముందు కాళ్ళ మధ్యకి, పక్కన డొక్క దాకా, తుంటి దాకా తెప్పించడం. మూడు నెలలు చేయిస్తే స్వారీ లేకుండానే మల్టిఫిడస్ పెరిగింది, రెండు పక్కలా సమానమైంది.

ఇది మా ఇద్దరికీ ఇష్టమైన పని అయిపోయింది. ఒళ్ళు వేడెక్కేదాకా నడిపించి, గోడ పక్కన నిలబెట్టి చేయిస్తాను. గోడ లేకపోతే నడుము పక్కకి తిప్పేసి క్యారెట్ అందుకుంటుంది, దొంగ. తొందరగా లాక్కుని నమిలేయనివ్వకూడదు. మెడ చాచి కొన్ని సెకన్లు అక్కడే ఉండాలి, అప్పుడే ఆ లోపలి కండరాలకి పని. మొదట్లో కుడివైపు భుజం దాటి తల వచ్చేది కాదు. నేను చేయి ఇంకా వెనక్కి పెడితే ముందు కాలు కదిపేసేది. కదిపిందంటే దానికి కష్టంగా ఉన్నట్టే, మన చేయి ముందుకి తెచ్చుకోవాలి. ఇప్పుడు డొక్క దాకా వస్తుంది. ఎడమవైపు తుంటి దాకా ఎప్పటినుంచో వస్తుంది. ఆ తేడా పూర్తిగా పోతుందని నేను అనుకోవడం లేదు.

తర్వాత పొట్ట కింద, ఛాతీ ఎముక మీద వేళ్ళతో మెల్లగా పైకి నొక్కితే వీపు పైకి లేస్తుంది. జీను బరువు కింద కుంగిన వీపుకి అది చాలా మంచిది. తన్నే గుర్రాలైతే పక్కకి నిలబడి చేయాలి. నేల మీద కర్రలు పరిచి వాటి మీదుగా నడిపించడం, నాలుగు అడుగులు తిన్నగా వెనక్కి నడిపించడం, ఇవన్నీ వారంలో ఎక్కువ రోజులు ఉంటాయి. సెషన్ అయిన మర్నాడు మాత్రం స్వారీ లేదు, చేత్తో పట్టుకుని నడకే.

డెక్కల సంగతి చూడకుండా వీపుకి ఎంత చేసినా నిలవదు. లాడం కొట్టే ఆయనా కైరోప్రాక్టిక్ చేసే డాక్టర్ గారూ మాట్లాడుకునేలా చేయడం నా పనుల్లో అన్నిటికంటే కష్టమైనది, అన్నిటికంటే పనికొచ్చింది కూడా. రెండు ముందు డెక్కలనీ ఒకే రూపంలోకి తేవాలని ఆయన పట్టుదల. వద్దు, ఒక్కో డెక్కని దాని కాలికి తగ్గట్టు ఉంచండి, ఆరు వారాలు దాటనివ్వకండి అని ఈవిడ. చివరికి అలాగే సాగుతోంది. జీనులో దిండ్లు మళ్ళీ కూరించాం. కుడి భుజం కండరం పెద్దది కావడంతో జీను ఎప్పుడూ ఎడమకి జారుతుండేది.

పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? మన కళ్ళని నమ్మడం కష్టం, ఎందుకంటే శ్రమపడ్డాక బాగుపడిందని అనుకోవాలనే ఉంటుంది. అందుకని వీడియోలు తీస్తాను, ఒకే చోట, ఒకే కోణంలో. వాటిని గుర్రాల కుంటు మీద పనిచేసిన వెటర్నరీ డాక్టర్ స్యూ డైసన్ తయారుచేసిన పట్టికతో పోల్చుకుంటాను. స్వారీలో ఉన్న గుర్రం చూపించే 24 ప్రవర్తనలు అందులో ఉంటాయి. చెవులు వెనక్కి వాల్చి ఉంచడం, తోక విసరడం, నోరు తెరవడం, మాటిమాటికీ తడబడడం లాంటివి. ఎనిమిది, అంతకంటే ఎక్కువ కనిపిస్తే ఎముకలు, కండరాల్లో నొప్పి ఉండే అవకాశం ఎక్కువ. మొదట్లో చుక్క ఆ హద్దు దాటి ఉండేది. ఇప్పుడు బాగా కింద ఉంది. క్యాంటర్‌లో జంటగా గెంతడం పోయింది. లాడం కొట్టే ఆయన చేతిలో వెనక కాలు నిదానంగా ఉంచుతోంది.

చుక్కని ఇక పరుగుకి గానీ గెంతులకి గానీ వాడను. అతుక్కున్న టెండన్ పాతదానిలా సాగదు. గ్యాలప్‌లో, అంటే పూర్తి వేగపు పరుగులో, ఆ టెండన్ మీద పడే లాగుడు మామూలుగానే దాని శక్తి అంచుల దాకా వెళ్తుంది. వెన్ను ఎంత తేలికపడినా ఆ లెక్క మారదు. వెన్ను బాగుపడిందని ఉత్సాహంగా పరుగెత్తించి, పాత టెండన్‌ని మళ్ళీ చింపేసుకున్న గుర్రాల గురించి వింటే కడుపు తరుక్కుపోతుంది.

నడుము దగ్గర బిగుతు సెషన్ సెషన్‌కీ తగ్గుతూ వచ్చింది, మధ్య వ్యవధి కూడా పెంచుకుంటూ వచ్చాం. మెడ మొదలు కుడివైపు మాత్రం ప్రతిసారీ అదే పూసల దగ్గర, అంతే గట్టిగా తిరిగి వస్తోంది. పోయినసారి ఆవిడ అక్కడ చేయి ఆనించి, తోయకుండా తీసేశారు. “ఇన్నిసార్లు ఇక్కడికే వస్తోందంటే కారణం కండరం కాకపోవచ్చండి. ఆరు, ఏడు పూసల మధ్య కీలు అరిగి ఉండొచ్చు. ఎక్స్‌రే చూడకుండా ఇక మెడ ముట్టుకోను,” అన్నారు. వచ్చే నెలలో ఎక్స్‌రే. కీళ్ళవాతం అని తేలితే ఆ కీలులోకి ఇంజెక్షన్ ఇవ్వొచ్చని మా డాక్టర్ గారు అంటున్నారు. అప్పటిదాకా కుడివైపు క్యారెట్ భుజం దగ్గరే ఆపుతున్నాను, చుట్టులు పెద్దవి చేశాను, గడ్డి తొట్టి కిందికి దించాను.